డైరీలో లేని చెప్పుల గడి

నా డైరీలో ప్రతి పేజీకీ ఎడమ పక్క ఒక నిలువు గీత ఉంటుంది. గీతకు ఇవతల ఎండా వానా, లేచిన వేళ, తిన్నది. అవతల ఆ రోజు జరిగినది. పదహారో ఏట మొదలుపెట్టిన పద్ధతి. ఏదైనా పరీక్ష చేసే రోజుల్లో గడులు పెరిగేవి: బ్యాటరీ వోల్టేజీ, గాలిలో తేమ, ఒంటి మీద చెమట ఉందా లేదా, ఎన్నిసార్లు పంపితే ఎన్నిసార్లు అందింది. ఇన్ని గడులు గీసినవాణ్ణి ఒక్కటి గీయడం మరిచాను. ఇప్పుడు రాస్తున్నది దాని గురించే.

ఉద్యోగం చేసినన్నాళ్లూ హిందూపురంలో పొద్దున రైలెక్కి బెంగళూరుకు పోవడం, సాయంత్రం రైలుకు రావడం. రేడియో పరికరాలు చేసే ఫ్యాక్టరీలో డిజైన్ విభాగం నాది. తొంభైల్లో మా అందరి తాపత్రయం ఒకటే, మాట ఇంకా దూరం పోవాలి, కొండ అడ్డమున్నా పోవాలి. రిటైరయ్యాక, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మా విభాగంలోనే పనిచేసిన ఒకాయన చిన్న కంపెనీ పెట్టి వారానికి రెండు రోజులు రమ్మని పిలిచాడు. అక్కడ పని పూర్తిగా తలకిందులు. మాట మూరెడు దాటి పోకూడదు. అసలు గాలిలోకే పోకూడదు. మనిషి ఒంటి మీదుగా పోవాలి.

చొక్కా గుండీ కంటే కొంచెం పెద్ద బిళ్ళను ఛాతీకి అంటిస్తాం. దాని అడుగున ఒక లోహపు రేకు చర్మానికి ఆనుకుని ఉంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ రేకు ఒంటి మీద అతి సన్నటి విద్యుత్తు కదలిక తెస్తుంది. మనిషికి ఏమీ తెలియదు. జబ్బకు కట్టుకున్న చిన్న డబ్బీలో ఇంకో రేకు ఆ కదలికను పట్టుకుని రాసి పెట్టుకుంటుంది. మధ్యలో తీగ లేదు, మనిషే తీగ. గాలిలోకి గట్టిగా అరవనక్కరలేదు కాబట్టి కరెంటు బహు తక్కువ పడుతుంది, చేతి గడియారంలో వేసే బ్యాటరీతో నెలలు నడవాలని మా లెక్క. ఆ కొంచెం కరెంటును ఇంకా కొంచెం తగ్గించడానికి నేను రెండేళ్లు కూర్చున్నాను.

మొదటిసారి ఇంటికి తెచ్చిన రోజు బిళ్ళ అంటించుకుని డబ్బీ కట్టుకుని నా భార్యకు చూపించాను. గుండె కొట్టుకున్నప్పుడల్లా డబ్బీ మీద ఎర్ర దీపం వెలిగి ఆరుతోంది.

"నీ గుండె కొట్టుకుంటాండాదని దీపం పెట్టి చూపియ్యల్నా?" అంది ఆమె. "ముందు ఆ చెప్పులు బయట ఇడువు. ఇంట్లో చెప్పులేసుకోని తిరిగే మనిషిని ఈ వీధిలో నిన్నొక్కణ్ణే చూస్తాండా."

మడమ నొప్పికి మెత్తటి రబ్బరు చెప్పులు వేసుకోమని, ఇంట్లో కూడా విప్పవద్దని డాక్టరు చెప్పాడు. ఆ మాట ఆమెకు వందసార్లు చెప్పి ఉంటాను. డైరీలో మడమ నొప్పి గురించి ఉంది, పరీక్షల పేజీలో మాత్రం లేదు. రెంటికీ ఏం సంబంధం?

మా అక్కది ధర్మవరం. బావ పట్టుచీరలు నేస్తాడు. ఇంట్లో ముందు గదిలోనే గుంత మగ్గం. నిలువు పోగుల పడుగు నేలకు జానెడు ఎత్తున సాగదీసి ఉంటుంది, నేసేవాడు గుంత అంచున కూర్చుని కాళ్లు లోపలికి దించి చెక్కలు తొక్కుతాడు. బావ పన్నెండేళ్లప్పుడు ఆ గుంతలో కాలు పెట్టాడు, అరవై దాటినా తీయలేదు. ఆ ఏడు ఎండాకాలం నుంచి ఆయనకు ఒక జబ్బు పట్టుకుంది. నేస్తూ నేస్తూ ఉన్నట్టుండి పడుగు మీదికి తల వాల్చేసేవాడు. అర నిమిషం, మహా అయితే నిమిషం. లేచి నీళ్లు తాగి, అడ్డపోగును అటూ ఇటూ నడిపే నాడెను మళ్లీ చేత పట్టేవాడు. మూడోసారి వాలినప్పుడు నుదురు చెక్కకు తగిలి చీలింది. అప్పుడు అక్క నాకు ఫోను చేసింది.

హిందూపురంలో నాకు తెలిసిన గుండె డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఈసీజీ బాగుంది. నెల తర్వాత తీసినా బాగుంది. బెంగళూరుకు పోయి ఒక రోజంతా ఒంటికి తీగలు అంటించి రాసే మిషను పెట్టించాం. ఆ రోజు బావ చుట్టాలింట్లో మంచం మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లతో కబుర్లు చెప్పాడు. గుండె గడియారంలా కొట్టుకుంది.

డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. "గుండె మధ్యలో ఆగుతున్నట్టుంది సార్. అదే నిజమైతే పేస్‌మేకర్ పెట్టాలి. పెడితే ఆయన మగ్గం మీదే ఇంకా పదేళ్లు గడపవచ్చు. కానీ ఆ పడిపోయే నిమిషం నాకు కాగితం మీద కనిపించాలి. బాగున్న కాగితాలు చూపించి ఆపరేషన్‌కు ఎట్లా రాసిచ్చేది?"

నాకు కావలసింది కూడా అంతే, ఆ ఒక్క నిమిషం. నెలలు ఒంటి మీద ఉండే మిషను, నేతకు అడ్డం పడే తీగలు లేని మిషను, నా చేతిలోనే ఉంది. కంపెనీ ఆయన సంతోషంగా ఒక జత ఇచ్చాడు, మాకూ బయటి మనిషి మీద పరీక్ష కావాలన్నాడు.

బావకు ఇచ్చే ముందు పది రోజులు నేనే కట్టుకుని తిరిగాను. పదిలో తొమ్మిది రోజులు ఒక్క కొట్టుకోలు కూడా తప్పిపోలేదు. ఒక రోజు మాత్రం పెనుకొండలో పాత స్నేహితుణ్ణి చూడటానికి పోయినప్పుడు పద్దెనిమిది నిమిషాలు ఖాళీ వచ్చింది. ఆ రోజు డైరీలో ఇట్లా ఉంది: "పెనుకొండ. చిన్న జల్లు. స్నేహితునితో దర్గాకు. రికార్డులో ఖాళీ. కారణం: బ్యాటరీ బిగుతు చాలలేదు." ఇంటికి వచ్చి బ్యాటరీని పట్టుకునే రేకును పట్టకారుతో కొంచెం వంచాను. మళ్లీ ఖాళీ రాలేదు. కారణం కింద రెండు గీతలు కూడా గీశాను, తేలిపోయిన విషయమని గుర్తు.

బావ హిందూపురం వచ్చి ఒక రోజు మా ఇంట్లో ఉన్నాడు. మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంటే జబ్బకు డబ్బీ కట్టాను. దీపం ఆయన గుండెతో పాటు చక్కగా వెలుగుతోంది.

"తాయెత్తు మాదిరి ఉండాది కదప్పా," అన్నాడు. "మంత్రం ఎవరు చదివినారు దీనికి?"

"నేనే బావా. రెండేళ్లు చదివినా."

"అట్లయితే పలుకుతాది. రెండేళ్లు పోరినాక బండరాయైనా పలకల్ల."

ధర్మవరం పంపించి, పది రోజులయ్యాక ఆదివారం రైలుకు పోయి డబ్బీలో రాసుకున్నది నా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని వచ్చాను. ఇంట్లో కాగితం మీదికి తీసి చూశాను. రోజూ పొద్దున ఎనిమిది దాటగానే గీత తెగిపోయింది. మధ్యాహ్నం అన్నం వేళకు ఓ ముప్పావు గంట వచ్చింది. మళ్లీ తెగింది. పొద్దు గూకినాక వచ్చి రాత్రంతా ఉంది. పది రోజులూ అంతే. అంటే మగ్గం మీద కూర్చున్న వేళంతా లేదు.

నాకు ఒకటే తోచింది. మరుసటి ఆదివారం పోయి అడిగేశాను.

"బావా, మగ్గం మీద కూర్చునేటప్పుడు తీసి పక్కన పెడతాండావా?"

ఆయన నాడె ఆపి నా వైపు చూశాడు. "తీసేసేవాణ్ణయితే కట్టించుకునేది ఏమిటికప్పా? నీకు ముచ్చటని కట్టుకున్న్యానా?"

"ఉట్టిగ అడిగినాడులే," అని అక్క సర్దబోయింది.

"ఉట్టిగ యాడ అడిగినాడు? దొంగను అడిగినట్ల అడిగినాడు."

ఆ పూట నేను మళ్లీ మగ్గం దగ్గరికి పోలేదు. ఆయన ముఖం చూడలేక వంటింట్లోనే కూర్చుని, భోజనం కాగానే రైలుకు వచ్చేశాను. ఆ కోపం చల్లారేదాకా కాస్త అక్కడే ఉండి మగ్గం వైపు చూసి ఉంటే ఇంకో వారం మిగిలేది.

గురువారం అక్క ఫోను. మళ్లీ పడ్డాడు, ఈసారి రెండు నిమిషాల దాకా లేవలేదు, పక్కింటివాళ్లు వచ్చి గుంతలోంచి ఎత్తి చాప మీద పడుకోబెట్టినాక కళ్లు తెరిచాడు. నేను పోయి డబ్బీ తెచ్చుకున్నాను. కాగితం మీద పొద్దుటి నుంచి ఖాళీ. ఆ ఖాళీ చివర గీత మొదలైంది. చాప మీద పడుకోబెట్టిన క్షణం అది. కొట్టుకోలు డెబ్బై రెండు, ఒక్క వంకర లేదు.

డాక్టరు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది నిద్ర లేచిన మనిషి రికార్డు సార్," అన్నాడు.

అప్పుడు చేశాను, మొదటే చేయవలసిన పని. ధర్మవరం పోయి, తెల్లవారి బావ మగ్గం ఎక్కేటప్పుడు పక్కన కూర్చున్నాను. ఆయన చెప్పులు గడప బయట విడిచాడు. తొట్టి దగ్గర కాళ్లు కడుక్కున్నాడు. తుడుచుకోలేదు. మగ్గానికి చేయి తాకించి కళ్లకద్దుకున్నాడు. చెంబుతో గుంతలోపల నాలుగు పక్కలా నీళ్లు చల్లాడు. ఎండకు పట్టు పోగు పెళుసెక్కి తెగకుండా గుంతను ఎప్పుడూ తడిగా ఉంచుతారు. ఆ తర్వాత అంచున కూర్చుని కాళ్లు లోపలికి దించాడు.

పాదాలు తడి మట్టికి తాకాయి. జబ్బ మీద దీపం ఆరిపోయింది.

"చూసినావా, నేను ముట్టలే," అన్నాడు బావ.

కాళ్లు ఎత్తమన్నాను. దీపం వెలిగింది. దించమన్నాను. ఆరింది. పది సార్లు చేయించాను, ఆయన విసుక్కోలేదు. నేను రెండేళ్లు కూర్చుని తగ్గించి తగ్గించి పెట్టిన ఆ కొంచెం కదలికను భూమి తాగేస్తోంది. కాళ్ల కింద తడి మట్టి, చేతుల కింద జరీ పోగులు. జబ్బ దాకా చేరడానికి ఇంకేం మిగలదు. ల్యాబులో మా అందరికీ రబ్బరు చెప్పులు ఇచ్చేవాళ్లు. ఇంట్లో నా కాళ్లకు మడమ నొప్పి చెప్పులు. మా ఇంట్లో బావ మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. ఈ దేశంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చే మనుషుల కోసం మిషను చేస్తూ, చెప్పులు లేని కాలి మీద ఒక్కసారి కూడా పరీక్షించలేదు. కాదు, ఒక్కసారి పరీక్షించాను. హిందూపురం తిరిగి వచ్చి పెనుకొండ పేజీ తీశాను. చిన్న జల్లు. దర్గాకు. చెప్పులు బయట విడిచి, తడిసిన బండల మీద పద్దెనిమిది నిమిషాలు. నా చేతి రాతే, కింద రెండు గీతలతో.

తర్వాతి రోజుల్లో చేసినవన్నీ రాసి పెట్టుకున్నాను. కంపెనీలో చెప్పాను. శక్తి పెంచాలంటే బ్యాటరీ పెరగాలి, బిళ్ళ కొత్తగా చేయాలి, నాలుగు నెలలన్నారు. పాత పద్ధతిలో తీగలు వేసి చూశాను. నాడె విసిరే చేతి కదలికకు కాగితం మీద గీతంతా పిచ్చి గీతలైంది, డాక్టరు చదవలేకపోయాడు. మిగిలింది కాళ్లు.

"బావా, పదైదు దినాలు. గుంతలో చెప్పులేసుకోని కూర్చో."

ఆయన కోప్పడలేదు. అది నాకు ఇంకా కష్టమైంది. "మగ్గంలో చెప్పులా?" అని మాత్రం అన్నాడు, నేనేదో తెలియని భాషలో మాట్లాడినట్టు.

"అది గుడి కాదు కదా బావా, గుంతే కదా."

"నీకు గుంత. యాభై ఏండ్లు నాకు కూడు పెట్టింది అది. దాంట్లోకి చెప్పుకాళ్లతో దిగమంటాండావు."

అక్క కోసం రబ్బరు పట్టా పరుచుకోవడానికి ఒప్పుకున్నాడు. అరగంట నేశాడు. పట్టా మీద కాలికి చెక్క ఆనవాలు తెలియలేదు, ఒకటి తొక్కబోయి ఇంకొకటి తొక్కాడు. అంచులో నెమలి మెడ వంకరపోయింది. ఎంతసేపు కూర్చుని ఊడదీశాడో. ఆ పైన పట్టాను మడిచి రెండు చేతులతో నాకిచ్చాడు, "నీ వస్తువు నువ్వు పెట్టుకో నాయనా," అని. నన్ను ఎప్పుడూ నాయనా అనలేదు ఆయన.

ఇంక నాకు తోచింది ఒకటే. కంపెనీకి సెలవు చెప్పి ధర్మవరంలో ఉండిపోయాను. బావ వెనక పీట వేసుకుని కూర్చుని, ఆయన కణత మీద మూడు వేళ్లు ఆనించి, ఎడమ చేతిలో గడియారం పెట్టుకుని లెక్కబెట్టడం. ప్రతి నిమిషానికీ ఒక అంకె.

"తలకు నూనె పెట్టేదానికి వచ్చినట్ల కూర్చున్న్యాడే నీ తమ్ముడు," అన్నాడు బావ మొదటి రోజు.

అక్క తలుపు దగ్గర నిలబడి చూసింది. "రెండేండ్లు మిషను చేసి, ఇప్పుడు దాని పని నువ్వే చేస్తాండావు కదరా," అంది.

ఆరో రోజు మధ్యాహ్నం. అరవై ఎనిమిది, అరవై ఆరు, అరవై ఎనిమిది. నాడె అటు పోయింది, ఇటు రాలేదు. వేళ్ల కింద కొట్టుకోలు నిదానించింది. ఇంకోటి వస్తుందని చూశాను. రాలేదు. గడియారం ముల్లు చూస్తూ లెక్కపెట్టాను, నాలుగు, అయిదు, ఆరు. బావ తల నా చేతి మీదికి బరువుగా వాలింది. తొమ్మిది దాకా లెక్కపెట్టానని గుర్తు. ఆ తర్వాత వేళ్ల కింద దబదబ కొట్టుకోవడం మొదలైంది, ఆయనది వచ్చిందని సంతోషపడ్డాను. అది ఆయనది కాదు. భయానికి నా వేళ్లలో నా గుండే కొట్టుకుంటోంది. గాలిలోంచి వచ్చే వంద గోలల్లో ఒక్క మాటను ఏరి పట్టుకునే పని ముప్పై ఏళ్లు చేసినవాణ్ణి, ఆ నిమిషంలో ఏది ఆయన గుండో ఏది నాదో చెప్పలేకపోయాను. అక్క వచ్చి పట్టుకుంటే ఇద్దరం కలిసి ఆయన్ను పైకి లాగాం. కళ్లు తెరిచి, "తెగిందా పోగు?" అని అడిగాడు.

డైరీ తీసుకుని డాక్టరు దగ్గరికి పోయాను. ఆ పేజీ ఆయన రెండుసార్లు చదివాడు. "మీరు రాసింది నేను నమ్ముతాను సార్. కానీ వేళ్లతో పట్టుకున్నది రికార్డు కింద రాదు. అందులోనూ, ఎన్ని క్షణాలు ఆగిందో మీకే ఖాయంగా తెలియదని మీరే రాశారు." అవును, రాశాను. తెలియనిది తెలుసని రాయడం నాకు చేతకాదు. ఆ ఒక్క వాక్యం రాయకుండా ఉంటే ఏమయ్యేదో అని ఈనాటికీ అనుకుంటాను.

అక్క ఇంక ఎవరి మాటా వినలేదు. ఆయన్ను మగ్గం దింపేసింది. మగ్గం మీద సగమైన చీరను అదే వీధిలోని ఇంకో నేతగాడు వచ్చి పూర్తి చేశాడు. బావ దాన్ని ఒళ్లో పరుచుకుని ఒక చోట వేలు పెట్టి చూపించాడు. "ఈడికి నాది. ఈడి నుంచి ఆయప్పది." నాకు ఏ తేడా కనిపించలేదు.

డబ్బీ తీయవద్దని నేనే చెప్పాను, ఇంకేం చెప్పాలో తెలియక. మగ్గం దిగిన బావ చెప్పులేసుకుని ఇంటి ముందర అరుగు అంచున కూర్చునేవాడు, చెప్పులేసుకునే అంగడి దాకా పోయి వచ్చేవాడు. ఆయన మళ్లీ పడిపోలేదు. రికార్డు నెల రోజులు ఒక్క చోట తెగకుండా వచ్చింది. కంపెనీలో అందరూ సంబరపడ్డారు, ఇంత నిడివి రికార్డు ఇంతవరకు ఎవరి మీదా రాలేదని నాతో చేయి కలిపారు. డాక్టరు ఆ కాగితాలు చూసి, అంతా బాగుందని రాసిచ్చాడు.

ఆ కాగితం పట్టుకుని పోయిన రోజు మధ్యాహ్నం అరుగు మీద బావ పక్కన కూర్చున్నాను. ఆయన ఒకసారి జబ్బ వైపు చూసుకున్నాడు.

"ఇప్పుడు సరిగా పలుకుతాండాదా నీ తాయెత్తు?"

"పలుకుతాంది బావా."

"ఏమని చెప్తాది?"

"నువ్వు బాగుండావని."

"అబద్ధాలు గూడ నేర్పిచ్చినావా దానికి?" అన్నాడు, కొంచెం నవ్వి.

అక్క అప్పుడే అరుగు ముందర నీళ్లు చల్లి పోయింది. బావ కుడికాలి చెప్పు విడిచి పాదం తడి నేల మీద పెట్టాడు. దీపం ఆరింది. ఎత్తాడు, వెలిగింది. ఎడమకాలి చెప్పు కూడా విడిచాడు. కుడికాలు, ఎడమకాలు, కుడికాలు, రెండూ ఎత్తి ఒక క్షణం, మళ్లీ కుడికాలు. చూపు ఎదురింటి గోడ మీద ఉంది, కాళ్లు వాటి పని అవి చేస్తున్నాయి. ఆ వరస నాకు తెలుసు. ఆరు రోజులు వెనక కూర్చుని విన్నాను. అంచులో నెమలి మెడ వచ్చే చోట చెక్కలు అట్లాగే తొక్కుతాడు.

ఆపమని నేను అనలేదు. కంపెనీకి పంపిన రికార్డులో ఆ రోజును నేను పెట్టలేదు.